నిశ్శక్తి ప్రకరణం: ‘డీలరుతోషిణి’ వ్యాఖ్యా సహితం

అవతారిక

జెట్ బోటు కొన్నవాడికి బోటుతోపాటు ఒక గ్రంథం కూడా ఇస్తారు. ఓనర్స్ మాన్యువల్ అని దాని పేరు. కర్త ఎవరో అట్ట మీద లేదు, లోపల లేదు, చివర గద్యలోనూ లేదు. కర్త లేని వాక్కును మీమాంసకులు అపౌరుషేయం అంటారు. మనిషి చెప్పినది కాదు కనుక మనిషికుండే పొరపాటూ మోసమూ దానికి అంటవని వాళ్ళ వాదం. మాన్యువల్ విషయంలో ఈ వాదాన్ని నేను కొద్దిగా దిద్దుకున్నాను: పొరపాటు దొరికినా, పట్టుకుని అడగడానికి మనిషి దొరకడు.

శాస్త్రం మొదలుపెట్టేముందు అనుబంధ చతుష్టయం చెప్పడం మర్యాద. విషయం: ఇంజిను నీరసం. ప్రయోజనం: వ్యవహారం రేపు కోర్టుకెక్కితే ‘మేం ముందే చెప్పాం కదా’ అనడానికి కంపెనీకి ఒక కాగితం. అధికారి, అంటే ఈ గ్రంథం చదివే అర్హత గలవాడు: డబ్బు మొత్తం కట్టేసినవాడు. సంబంధం, అంటే గ్రంథానికీ బోటుకూ ఉండవలసినది: ‘చిత్రంలో చూపిన భాగాలు మీ మోడల్‌లో ఉండకపోవచ్చు’ అని రెండో పేజీలోనే ఒప్పుకున్నారు కనుక అది లేదని తేలింది.

ఈ వ్యాఖ్యకు ప్రేరకుడు మా అల్లుడు. న్యూజీలాండ్‌లో, క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటాడు. వీ-ఎయిట్ పెట్రోలు ఇంజినున్న జెట్ బోటు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఒక వేసవంతా బాగానే తిరిగింది. మరుసటి వేసవికి బండి లాగడం మానేసింది. లీవరు పూర్తిగా తోసినా నీటి మీదికి లేచి జారవలసిన బోటు ముక్కు పైకెత్తుకుని, వెనక భాగం నీళ్ళలో ఈడ్చుకుంటూ పోతోంది. ‘మావయ్యగారూ, అన్నిటికీ వ్యాఖ్యానాలు రాస్తారు కదా, దీనికి అర్థమేమిటో చెప్పండి’ అని మాన్యువల్‌లో ఆ పేజీ ఫొటో తీసి పంపాడు. వెటకారమే, నాకు తెలుసు. అయినా కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాను.

మూలం

ఇంజినునందు శక్తి చాలదని తోచిన యెడల ఇంధనమును పరిశీలించుము. ఎచ్చటను అడ్డంకులు లేవని రూఢి చేసికొనుము. సమస్య కొనసాగిన యెడల అధీకృత డీలరును సంప్రదించుము.

(మూలం ఇంగ్లీషులో ఉంది. నేనే గ్రాంథికంలోకి దించాను. వాడుక భాషలో పెడితే ఇందులో ఏమీ లేదని మొదటిసారి చదివినప్పుడే తెలిసిపోతుంది, వ్యాఖ్యాతకు పని మిగలదు.)

వ్యాఖ్య

మెదక్ జిల్లా కొల్చారం, వెనకటి కొలిచెలమ, మల్లినాథసూరి ఊరు. కాళిదాసుకు వ్యాఖ్య రాయబోతూ ఆయన రెండు మాటలు ఇచ్చాడు: ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను. మొదటి మాట నేనూ ఇస్తున్నాను. రెండోది నావల్ల కాదు. చెడ్డ వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిన కాళిదాసు వాణిని లేపడానికి తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడాయన. ఇక్కడ మూర్ఛపోయింది బోటు, విషం మూలంలోనే ఉంది. అందుకని అంత పేరుకు పోకుండా, మూలకర్త మనసు కనిపెట్టి, ‘డీలరుతోషిణి’ అన్నాను.

యెడల, ఎచ్చటను, చేసికొనుము: స్పష్టం.

‘ఇంజినునందు శక్తి చాలదని తోచిన.’ ఎవరికి తోచింది? నడిపేవాడికి. వాడికి ప్రత్యక్షంగా కనిపించింది ఏమిటి? బోటు లేవకపోవడం. ఇంజిను శక్తి కంటికి కనిపించే పదార్థం కాదు. బోటు నెమ్మదించింది కనుక ఇంజిను నీరసపడిందని వాడు ఊహించుకున్నాడు, మూలకర్త ఆ ఊహను అలాగే పట్టుకెళ్ళి శీర్షికగా పెట్టాడు. రోగి తనకు తానే చెప్పుకున్న జబ్బు పేరును ప్రిస్క్రిప్షన్ మీద రాసిచ్చే వైద్యుణ్ణి మనం ఏమంటాం? మాన్యువల్ రాస్తే మాత్రం టెక్నికల్ రైటర్ అంటున్నాం.

జెట్ బోటులో ఇంజినుకూ నీటికీ మధ్య ఇంకొకరు ఉన్నారు. జెట్ యూనిట్ అంటారు. బోటు అడుగున కమ్మీల గ్రిల్లు, దాని గుండా పైకి పీల్చే సొరంగం, సొరంగంలో తిరిగే ఇంపెల్లర్, దాని చుట్టూ వెంట్రుకవాసి సందుతో బిగిసిన వేర్ రింగ్, సుడి తిరిగే నీటిని తిన్నగా చేసే స్టేటర్ రెక్కలు, చివర ఇరుకైన నాజిల్. లోపలికి లాగిన నీటిని వెనక్కి చిమ్మితే ఆ తోపుకు బోటు ముందుకు పోతుంది. బయట ప్రొపెల్లర్ లేదు, చుక్కాని లేదు. నాజిల్‌ను పక్కకు తిప్పితే బోటు తిరుగుతుంది, నీటిధారకు అడ్డంగా బకెట్టు దించితే వెనక్కి నడుస్తుంది. అడుగున ఏమీ వేలాడదు కనుక చీలమండ లోతు నీళ్ళలోనూ గులకరాళ్ళ మీదుగా దూసుకుపోగలదు.

ఈ అవసరం ఎవరికి వచ్చిందో చెప్పకుండా ముందుకు పోతే పాపం. న్యూజీలాండ్ దక్షిణ ద్వీపంలో మెకంజీ ప్రాంతంలో ఐరిష్‌మన్ క్రీక్ అనే గొర్రెల క్షేత్రం ఉంది. ఒకప్పుడు దాని ఆసామి విలియం హామిల్టన్. అక్కడి నదులు ఒక పాయగా ఉండవు. మంచు కొండల నుంచి గులకను మోసుకొచ్చి, పది పాయలై విడిపోయి, మళ్ళీ అల్లుకుంటూ పోతాయి. ప్రొపెల్లర్ పెట్టి వెళితే మొదటి మలుపులోనే విరుగుతుంది. 1950లలో ఆయన జెట్ బోటు మీద పనిచేశాడు. ముందు అమెరికన్ నమూనాను పట్టుకుని నీటిని బోటు కిందికి చిమ్మించాడు. ఫలితం అంతంత మాత్రం. తర్వాత నాజిల్‌ను వెనక్కి తెచ్చి, నీటి మట్టానికి కాస్త పైన, గాలిలోకి చిమ్మేలా పెట్టాడు. బోటు ఒక్కసారిగా అందుకుంది. జెట్ కనిపెట్టిన ఘనత తనది కాదని, ఆర్కిమెడిస్ అనే పెద్దమనిషిదని ఆయనే చెప్పుకున్నాడు. పూర్వాచార్యుల పేరు చెప్పి మొదలుపెట్టే ఈ పద్ధతి నాకు నచ్చింది. 1960లో ఆయన బోట్లు కొలరాడో నదిలో, గ్రాండ్ కాన్యన్‌లో ఎదురీది పైకి వెళ్ళాయి. 1974లో సర్ బిరుదు వచ్చింది.

1977లో ఎడ్మండ్ హిల్లరీ మూడు జెట్ బోట్లు వేసుకుని మన గంగలో సముద్రం వైపు నుంచి పైకి బయలుదేరాడు. నడిపినవాళ్ళలో హామిల్టన్ కొడుకు జాన్ ఉన్నాడు. కాశీ దాటి, రిషికేశ్ దాటి, నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డుపడేదాకా ఎదురు వెళ్ళారు. భగీరథుడు గంగను కొండల్లోంచి సముద్రానికి నడిపించుకొస్తే వీళ్ళు అదే దారిని తిరగేసి చదివారు. దండాన్వయంలో క్రియ చివరికొచ్చినట్టు కొండ చివరికొచ్చింది. ఇంకో సంగతి. టర్బో లేని ఇంజిను ప్రతి 300 మీటర్ల ఎత్తుకు సుమారు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది, గాలి పలచబడుతుంది కనుక. ‘శక్తి చాలదని తోచిన యెడల’ మొదట అడగవలసిన ప్రశ్న ‘నువ్వు ఎక్కడున్నావు’ అని. మూలంలో ఎత్తు ప్రస్తావన లేదు. మూలకర్త సముద్రమట్టంలో, ఏసీ గదిలో ఉన్నాడు.

సరే, తోచడం దగ్గరికి వద్దాం. బోటు లాగకపోతే తప్పు ఇంజినుదా, జెట్‌దా? ఇది తేల్చడానికి అన్వయ వ్యతిరేకాలు కావాలి, అంటే ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకుంటే అది ఉండదు అని జత కుదిర్చి చూడడం. అదృష్టవశాత్తు డ్యాష్‌బోర్డు మీద ఒక ముల్లు ఉంది. ట్యాకోమీటర్. నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెబుతుంది.

ప్రొపెల్లర్ బోటులో ఈ ముల్లును పూర్తిగా నమ్మలేం. మనుషులు ఎక్కువైనా, బోటు నెమ్మదించినా ప్రొపెల్లర్ మీద బరువు మారి చుట్లు మారతాయి. జెట్‌లో ఆ పేచీ దాదాపు లేదు. లోపల ఉన్నది పంపు. బోటు నిలబడినా, పరుగెత్తినా, ఒక్కడున్నా, అయిదుగురున్నా పూర్తి థ్రాటిల్ మీద చుట్లు ఇంచుమించు ఒకే చోట ఆగుతాయి. ఆ పంపు మింగే శక్తి చుట్ల ఘనాన్ని బట్టి పెరుగుతుంది. కనుక ఇంజిను పదో వంతు నీరసపడితే 4,200 మీద నిలబడవలసిన ముల్లు 4,050 దగ్గర ఆగుతుంది. అయిదో వంతు పోతే 3,900. పోయిన శక్తి పెద్దది, ముల్లు దిగినది కొంచెం. ఆ కొంచెం కనిపెట్టాలంటే ముల్లు ఎక్కడ నిలవాలో ముందు తెలియాలి కదా.

జెట్ అరిగితే కథ తిరగబడుతుంది. వేర్ రింగ్ అరిగి సందు పెరిగినా, ఇంపెల్లర్ అంచులు మొద్దుబారినా, గ్రిల్లుకు నాచు పట్టి పంపు గాలి మింగుతున్నా పంపుకు నీటి మీద సరిపడా పట్టు చిక్కదు. ఇంజినుకు బరువు తగ్గుతుంది, చుట్లు పెరుగుతాయి, తోపు మాత్రం తగ్గుతుంది. మన పల్లెల్లో బోరు మోటారు ఉన్న రైతుకు ఇది వేరే చెప్పనక్కరలేదు. స్టార్టర్ డబ్బా మీద యాంపియర్ల ముల్లు రోజూ నిలిచే చోటు కన్నా కిందికి పడి, గొట్టంలో ధార సన్నబడితే ఆయన మోటారును తిట్టడు. బోరులో నీరైనా దిగి ఉండాలి, పంపైనా అరిగి ఉండాలి అంటాడు. ముల్లు పైకెక్కితే మోటారు సంగతి చూడమంటాడు. ఆ ముల్లు రోజూ ఎక్కడ నిలుస్తుందో ఆయనకు తెలుసు కనుక ఇదంతా చెప్పగలిగాడు. జెట్ బోటు మాన్యువల్‌లో పూర్తి థ్రాటిల్ మీద ముల్లు ఎక్కడ నిలవాలో ఆ అంకె లేదు. మొత్తం గ్రంథం వెతికాను. పెయింటుకు ఏ షాంపూ వాడాలో ఉంది. పిల్లలకు లైఫ్ జాకెట్ ఎలా తొడగాలో బొమ్మతో సహా ఉంది, అది ఉండవలసిందే. ఆ ఒక్క అంకె లేదు.

‘ఇంధనమును పరిశీలించుము.’ ఎలా పరిశీలించాలి? వాసన చూసా, వేలు ముంచా? ట్యాంకులో ఉన్నది కనిపించదు కనుక అనుమాన ప్రమాణం పట్టుకోవాలి. అనుమానం అనగానే తర్కం చదివినవాడికి పొగ తప్ప వేరే ధ్యాస ఉండదు. కొండ మీద పొగ ఉంది, కనుక నిప్పుంది, వంటింట్లో చూశాం కదా. ఈ ఉదాహరణను దేశమంతటా పిల్లల నాలుకల మీదికి ఎక్కించిన తర్కసంగ్రహం అన్నంభట్టుది, ఆయన తెలుగువాడు. ఎన్ని వందల ఏళ్ళుగానో ఆ కొండ మీద ఆ పొగ లేస్తూనే ఉంది. ఒక్క తార్కికుడూ కొండెక్కి చూడలేదు. ఎక్కితే నిప్పు ప్రత్యక్షమైపోయి అనుమానం అక్కరలేకుండా పోతుందని భయం.

ఇందులో అసలు రుచి తిరగేసినప్పుడు వస్తుంది. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, సరే. నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందా? ఉండదు. ఎర్రగా కాలిన ఇనుప గుండును చూడండి, నిప్పే నిప్పు, పొగ లేదు. మరి పొగ ఎక్కడిది? తడి కట్టె తగిలితే వచ్చింది. ఆర్ద్రేంధన సంయోగం. ఈ తడి కట్టెను తార్కికులు ఉపాధి అంటారు. ఇప్పటి అర్థంలో ఉద్యోగం కాదు, వాదంలో దొంగతనంగా దూరిన షరతు. మా గురువుగారు ఈ ఘట్టం దగ్గర పాఠం ఆపి, నశ్యం డబ్బా మూత తీసి, ‘ఒరే, ప్రపంచంలో సగం తగాదాలు తడి కట్టెను చూడక నిప్పును తిట్టడం వల్ల వచ్చినవిరా’ అనేవారు. ఆయన ఇంట్లో కట్టెల పొయ్యి ఉండేది, తడి కట్టెల మీద అభిప్రాయం అక్కణ్ణుంచి వచ్చిందని మాకు అనుమానం. ఉపాధికి లక్షణం చెప్పమనేవారు. సాధ్యం ఉన్నచోటల్లా ఉండాలి, హేతువు ఉన్న ప్రతిచోటా ఉండకూడదు. నేను ఒక్క గుక్కలో చెప్పేవాణ్ణి. పక్కవాడు సాధ్యాన్నీ హేతువునూ తారుమారు చేసి గోడకు నిలబడేవాడు. తర్వాత వాడు బ్యాంకు మేనేజరయ్యాడు. ఎదుటివాడి దరఖాస్తులో దూరిన షరతు వెతికి పట్టడంలో వాణ్ణి మించినవాడు లేడని చెప్పుకునేవారు. ఇలా ఇంకా చాలా ఉంది గాని, ఎక్కడున్నాం? ఇంధనం.

తార్కికుల పొగకు రంగు లేదు. మెకానిక్ పొగకు మూడు రంగులు. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. బోటు ఇంజినుకు కారులో ఉన్నట్టు గాలి ఫిల్టరు ఉండదు. ఇంజిను మూసిన గదిలో ఉంటుంది, అక్కడ పెట్రోలు ఆవిరి చేరే ప్రమాదం ఉంది, వెనక్కి తన్నిన మంట బయటికి రాకుండా లోహపు అల్లిక ఒకటి పెడతారు. ఫ్లేమ్ అరెస్టర్. దానికి నూనె మడ్డి పట్టిందంటే ఇంజినుకు ఊపిరి ఆడదు. తీసి కడిగి ఆరబెడితే సరిపోతుంది. నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, పిస్టన్ రింగుల సంగతి, పెద్ద ఖర్చు. తెల్లగా వస్తే నీరు. కానీ బోటులో పొగగొట్టాన్ని చల్లార్చడానికి అందులోకి నీరు ఎలాగూ వదులుతారు, చలి ఉదయాన మంచి ఇంజిను కూడా తెల్లగా ఆవిరి కక్కుతుంది. కనుక తెలుపు అనైకాంతిక హేతువు, రెండు పక్షాలకూ సాక్ష్యం చెబుతుంది. నమ్మవద్దు.

ఫిల్టరు పూడుకుపోయి పెట్రోలు చాలని ఇంజిను అసలు పొగే ఇవ్వదు. ఇనుప గుండు. పొగ లేదు కనుక బాగుందనుకున్నవాడు మోసపోతాడు. ఇక తడి ఇంధనం. అన్నంభట్టు తడి కట్టె పొగనిస్తుంది, మా అల్లుడి తడి పెట్రోలు దగ్గునిస్తుంది. చలికాలమంతా సగం ట్యాంకుతో షెడ్డులో పడుకున్న బోటులో గాలిలోని తేమ ట్యాంకు గోడలకు పట్టి కిందికి దిగుతుంది. మూత కింది రబ్బరు రింగు ఎండి పగిలితే వాన నీరూ దిగుతుంది. పెట్రోలు కన్నా నీరు బరువు, అడుగున చేరుతుంది, ఇంజినుకు పోయే గొట్టం కూడా అడుగునుంచే లాగుతుంది. ఫిల్టరు విప్పి అందులో ఉన్నదాన్ని గాజు సీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచితే అడుగున నీరు గీత కట్టి కనిపిస్తుంది. ‘పరిశీలించుము’ అనే బదులు ఈ ఒక్క వాక్యం రాస్తే మూలకర్త సొమ్మేం పోయింది? మా అల్లుడు సీసాలో పోశాడు. గీత లేదు. పెట్రోలు శుద్ధంగా ఉంది.

‘ఎచ్చటను అడ్డంకులు లేవని రూఢి చేసికొనుము.’ ఎక్కడా లేవని రూఢి చేసుకోగలవాడు సర్వజ్ఞుడు. సర్వజ్ఞుడు జెట్ బోటు కొనడు. ఒక వస్తువు లేదని తెలుసుకోవడానికి కూడా పద్ధతి ఉంది. అక్కడే ఉండి ఉంటే కనిపించి తీరేది అయినప్పుడే, కనిపించలేదు కనుక లేదనడం చెల్లుతుంది. యోగ్యానుపలబ్ధి అంటారు. చీకట్లో కుండ కనిపించకపోతే కుండ లేదనరాదు. మూసి ఉన్న గొట్టంలోని కందిరీగ గూడుకూ అదే న్యాయం.

అందుకని ‘ఎచ్చట’ను కొన్ని చోట్లుగా విడగొడుతున్నాను. ట్యాంకుకు గాలి గొట్టం ఉంటుంది, అది పూడితే ట్యాంకులో వెలితి ఏర్పడి పెట్రోలు రాదు. మూత వదులు చేసి నడిపి చూడాలి, బండి అందుకుంటే దొంగ దొరికినట్టే. ఇంజిను ఆపి ఒకరు లీవరు పూర్తిగా తొయ్యాలి, ఇంకొకరు థ్రాటిల్ రేకు నిలువుగా పూర్తిగా తెరుచుకుందో లేదో కళ్ళతో చూడాలి. కేబుల్ సాగి రేకు ముప్పావు దగ్గరే ఆగిపోయిన ఇంజిన్లకు ప్లగ్గులు మార్చి బిల్లు వేసినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. జెట్ నుంచే చల్లార్చే నీరు తీసుకునే ఇంజిన్లలో ఆ గొట్టానికి ఇసుక పడితే ఇంజిను వేడెక్కుతుంది. కొత్త ఇంజిన్లలో కంప్యూటరు తానే శక్తిని కోసేస్తుంది. అది జబ్బు కాదు, ఆత్మరక్షణ. ప్లగ్గులూ కాయిళ్ళూ కంప్రెషనూ: స్పష్టం. ఏ మెకానిక్ అయినా చూస్తాడు, చూడకపోయినా బిల్లులో ఉంటాయి.

చివరిది గ్రిల్లు, ఇంపెల్లర్. మా అల్లుడు ఇక్కడికి ఆఖర్న వచ్చాడు. మూలం ఇంజిను అంది కదా, పాపం ఇంజిను చుట్టూ తిరిగాడు. ట్రైలరు కింద వెల్లకిలా పడుకుని, టార్చి నోట కరుచుకుని, కమ్మీల సందులోంచి ఫీలర్ గేజ్ రేకులు దూరుస్తూ ఫోను పట్టుకున్నాడు, నేను ఇటునుంచి చూస్తున్నాను. కొత్తప్పుడు ఇంపెల్లర్ అంచుకూ రింగుకూ మధ్య సందు మిల్లీమీటరులో భిన్నం. సన్నని రేకు దూరింది. దానిపై మందం దూరింది. రెండు కలిపి పెడితే అవీ వదులుగా దూరాయి. ‘చూశారా’ అన్నాడు, నోట్లో టార్చి వల్ల ‘ఊఆఆ’ అని వినిపించింది. ఇంపెల్లర్ ముందు అంచులు పదును పోయి గుండ్రంగా తేలాయి, రెండు చోట్ల గోరు పట్టేంత గంట్లు. రింగు లోపలి ముఖం మీద చుట్టూ చారలు. ఆ నదుల ఇసుకా గులకా ఒక వేసవంతా నూరిన నూరుడు.

‘సమస్య కొనసాగిన యెడల అధీకృత డీలరును సంప్రదించుము.’ ఇది ఫలశ్రుతి. స్తోత్రానికి ఫలశ్రుతి చివర ఉన్నట్టు మాన్యువల్‌లో ప్రతి పట్టికకూ చివర ఈ వాక్యం ఉంది. తేడా ఏమిటంటే స్తోత్రంలో ఫలం చదివినవాడికి వస్తుంది.

మా అల్లుడు ట్రైలరు కిందికి దూరకముందే డీలరును సంప్రదించాడు. ఊరూ పేరూ చెప్పను. బోటును యార్డులో ఉంచి, చల్లార్చే నీటికి తోట గొట్టం తగిలించి, ఇంజిను నడిపి, ‘అద్భుతంగా ఉంది’ అన్నారు. ఉండదా మరి? నదిలో లేని బోటులో జెట్‌కు తోయడానికి నీరే లేదు. బరువు లేని ఇంజిను ఎలాంటిదైనా అద్భుతంగానే తిరుగుతుంది. శక్తి చాలడం లేదని ఫిర్యాదు చేస్తే బరువే లేకుండా పరీక్షించారు. తర్వాత ప్లగ్గులు మార్చారు, ఫిల్టర్లు మార్చారు, ఇంజెక్టర్లు కడిగారు, వెతికినందుకు వేరే ఫీజు వేశారు. సమస్య కొనసాగింది. కొనసాగిన యెడల ఏం చెయ్యాలి? మూలం చూశాడు. డీలరును సంప్రదించాలి. తర్కంలో దీన్ని అనవస్థ అంటారు, బిల్లులో లేబర్ చార్జీ అంటారు.

ముల్లు విషయం నేను అడిగాను. ‘నిరుడు పూర్తి థ్రాటిల్ మీద ఎంత ఉండేది?’ తెలియదన్నాడు. రాసుకోమని ఎవరూ చెప్పలేదు. డీలరూ అడగలేదు. చివరికి మా అమ్మాయి ఫోనులో నిరుటి వీడియో ఒకటి దొరికింది. మా మనవరాలు గాలికి జుట్టు ముఖం మీద పడుతుంటే కేకలు వేస్తోంది, దాని చెవి పక్కన డ్యాష్‌బోర్డు అంచు, అందులో ముల్లు 4,200 మీద కదలకుండా ఉంది. ఈ ఏడు అదే నదిలో, అదే లీవరు మీద 4,500. బోటు మెల్లగా, ముల్లు పైన. ఇంజిను నిర్దోషి. ఆరోపణ ఇంజిను మీద రాసిపెట్టిన గ్రంథాన్ని నమ్మి ఇంజినుకు వైద్యం చేయించాం. కొత్త రింగు వేయించి, ఇంపెల్లర్‌కు వెల్డింగ్ చేయించి, బ్యాలెన్స్ చేయించి బిగించాడు. ముల్లు మళ్ళీ 4,200 దగ్గరికి వచ్చింది, బోటు లేచింది.

పాఠాంతరం

మూలంలో పాఠం చెడితే దిద్దడం వ్యాఖ్యాతల హక్కు. నా పాఠం ఇది: ‘బోటు లాగకపోతే లోతు నీళ్ళలో పూర్తి థ్రాటిల్ ఇచ్చి ముల్లు చూడండి. మీ బోటుకు అది ఇంత ఉండాలి. తక్కువుంటే ఇంజిను చూడండి. ఎక్కువుంటే జెట్ చూడండి. అంతే ఉంటే బోటులో చేరిన నీరూ సామానూ చూడండి.’ ‘ఇంత’ అన్నచోట కంపెనీవారు అంకె వెయ్యాలి. ఏ ఇంజినుకు ఏ ఇంపెల్లర్ బిగించారో వాళ్ళకే తెలుసు, అంకె కూడా వాళ్ళ దగ్గరే ఉంది. అది దాచిపెట్టి ‘పరిశీలించుము’ అనడం గ్రంథరచన కాదు.

వాళ్ళు వేసేదాకా జెట్ బోటు ఉన్నవాళ్ళు ఒక పని చెయ్యండి. బోటు బాగున్న రోజునే లోతు నీళ్ళలో లీవరు పూర్తిగా తోసి, ముల్లు నిలిచిన చోటు చూసి, ఆ అంకెను చెరగని స్కెచ్ పెన్నుతో డ్యాష్‌బోర్డు మీదే రాసుకోండి. మాన్యువల్‌లో రాయకండి, కావలసిన రోజున అది దొరకదు.